కాలిబాటలో శాస్త్రం: జేన్ జేకబ్స్ గ్రంథంపై విమర్శ

నగరమంటే ఏమిటి? భవనాల సముదాయమా, రోడ్ల అల్లికా, మనుష్యుల గుంపా? ఈ ప్రశ్నకు పట్టణ నిర్మాణ నిపుణులు పటాలలో సమాధానం వెదకుతున్న కాలంలో, న్యూయార్కు నివాసి జేన్ జేకబ్స్ తన ఇంటి ముందరి కాలిబాటపై వెదకినారు. 1961లో వెలువడిన ఆమె గ్రంథం పేరు ‘ది డెత్ అండ్ లైఫ్ ఆఫ్ గ్రేట్ అమెరికన్ సిటీస్’. అనగా అమెరికా మహానగరాల మరణం, జీవనం. ఆమెకు నగర నిర్మాణంలో పట్టా లేదు. వాస్తుశిల్ప పత్రికలో పనిచేసిన రచయిత్రి. అయినప్పటికీ విజ్ఞానశాస్త్ర విద్యార్థి ఈ గ్రంథాన్ని చదువవలసిన కారణం ఒకటున్నది. జాగ్రత్తగా చదువవలసిన కారణం మరొకటి కూడా ఉన్నది.

గ్రంథంలో మొదట చర్చించినది కాలిబాటలను గురించే. వీధికి రక్షణ పోలీసుల వల్ల మాత్రమే రాదు. దుకాణాలలో కూర్చున్నవారు, కిటికీలనుండి చూచేవారు, వచ్చిపోయే పాదచారులు, అందరి చూపులూ కలిసి వీధిని కాపాడుతాయని ఆమె వాదం. అందుకు రోజంతా ఏదో ఒక పనిమీద జనం తిరుగుతూ ఉండాలి. ఇండ్లు ఒకచోట, కార్యాలయాలు ఒకచోట, అంగళ్లు వేరొకచోట విడదీస్తే వీధులు కొన్ని గంటలపాటు నిర్మానుష్యమవుతాయి. కాబట్టి పలురకాల వినియోగాలు కలిసి ఉండాలనీ, వీధులు తరచుగా మలుపులు దొరికేటట్లు పొట్టిగా ఉండాలనీ, పాతభవనాలు కొన్ని మిగలాలనీ, జనం తగినంత చిక్కగా నివసించాలనీ నాలుగు నియమాలను ఆమె ప్రతిపాదించినారు.

మోటారు వాహనాల సమస్యలో ఆమె చూపిన ఉదాహరణ ముచ్చటైనది. వాషింగ్టన్ స్క్వేర్ పార్కు గుండా వెడల్పయిన రోడ్డు వేయాలని అధికారులు తలపెట్టగా స్థానికులు ప్రతిఘటించినారు. 1958లో ప్రయోగాత్మకంగా, బస్సులు తప్ప తక్కిన వాహనాలను పార్కులోనికి రానీయకుండా ఆపినారు. చుట్టుపట్ల వీధులు వాహనాలతో క్రిక్కిరిసిపోతాయని కొందరు హెచ్చరించినారు. కాని అట్లు జరుగలేదని జేకబ్స్ తెలిపినారు. గొట్టంలో ప్రవహించే నీటికి ఒక దారి మూస్తే అది మరొక దారిన పోయి తీరుతుంది. మనిషి అట్లా కాదు. దారి సుఖంగా ఉంటే ఎక్కువసార్లు బయలుదేరతాడు, కష్టమైతే ప్రయాణం మానుకొంటాడు, లేక నడచిపోతాడు.

ఈ భేదానికి సిద్ధాంతరూపం గ్రంథపు చివరి అధ్యాయంలో దొరుకుతుంది. అక్కడ ఆమె వారెన్ వీవర్ అనే శాస్త్రజ్ఞుని ఆలోచనను ఆధారం చేసికొన్నారు. కొన్ని సమస్యలలో రెండే చలరాశులుంటాయి. వాయువు పీడనానికీ ఘనపరిమాణానికీ గల సంబంధం అట్టిది. కొన్నింటిలో అసంఖ్యాకమైన అణువులు అడ్డదిడ్డంగా తిరుగుతాయి. అక్కడ సగటులు చాలును. మూడవ రకంలో అనేక అంశాలు ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉంటాయి. జీవకణం అందుకు దృష్టాంతం. నగరం ఈ మూడవ తరగతికి చెందినదని జేకబ్స్ నిర్ణయం. గ్రంథంలో అత్యంత విలువైన భాగమిదే.

కాని శాస్త్రపద్ధతి పరిశీలనతో ముగిసిపోదు. పరిశీలించి ఒక ఊహ చేయవలె. ఆ ఊహను వేరొకచోట పరీక్షించవలె. జేకబ్స్ ఎక్కువగా చూచినది తాము నివసించిన హడ్సన్ వీధిని. బోస్టన్‌లోని నార్త్ ఎండ్ పేట మురికివాడగా పేరుపడినా, అక్కడి మరణాల రేటు నగర సగటుకంటె తక్కువని అంకెలతో చూపినారు. అయితే ఇట్టి కొలతలు గ్రంథంలో అరుదు. ఆ నాలుగు నియమాలు లేనిచోట కూడ వీధులు క్షేమంగా ఉన్నాయా, ఉన్నచోట క్షేమం లోపించినదా అనే ఎదురు ప్రశ్నలకు ఆమె తగినంత చోటు ఇవ్వలేదు.

ఇంతకంటె పెద్దలోపం ఇంకొకటి. క్షేమమన్న మాటకు ఆమె ఇచ్చిన అర్థం ముఖ్యంగా అపరిచితుల వల్ల కలిగే భయం లేకపోవడం. ముప్పయి, ముప్పయి అయిదు అడుగుల కాలిబాట ఉంటే పిల్లల ఆటలకు చాలునని ఆమె అంటారు. మంచిదే, కాని బంతి దొర్లి రోడ్డు మీదకు పోతే? దుకాణదారుని చూపు దొంగను జంకించగలదు గాని, వేగంగా వచ్చే కారును ఆపలేదు. వాహనపు గతిశక్తి వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. బ్రేకు వేసిన పిదప అది పోయే దూరమూ అంతే. వేగం రెట్టింపైతే రెండూ నాలుగింతలు. న్యూయార్కు నగరంలో 2014 నవంబరు 7 నుండి సామాన్యవీధులలో వేగపరిమితిని గంటకు 30 మైళ్లనుండి 25 మైళ్లకు తగ్గించినారు. వేగంలో తగ్గుదల ఆరవవంతు మాత్రమే. వాహనాలు నిజంగా ఆ మేరకు నెమ్మదిస్తే, గతిశక్తిలో తగ్గుదల సుమారు 30 శాతం. పిల్లవాని ప్రాణానికి సంబంధించిన ఈ లెక్క పదవ తరగతి విద్యార్థికి అందేదే. ఇంతపెద్ద గ్రంథంలో దానికి తగిన స్థానం దొరకలేదు.

అయినా ఈ లోపం వల్ల గ్రంథపు విలువ పోదు. నగరం కాగితం మీద కాక నేల మీద తెలుస్తుందని చెప్పడమే దాని గొప్పతనం. దాని నియమాలను సూత్రాలుగా కంఠస్థం చేయడం తగదు. పరీక్షకు నిలువవలసిన ఊహలుగా గ్రహించవలె. ఉపాధ్యాయులు విద్యార్థులచేత పాఠశాల ముందరి వీధిలో గంటకు ఎందరు నడచి దాటుతున్నారో, గుర్తించిన యాభై మీటర్ల దూరాన్ని వాహనాలు ఎన్ని సెకనులలో దాటుతున్నాయో, కాలిబాటమీదనే సురక్షితంగా నిలిచి లెక్కింపజేయవచ్చును. చూపు జేకబ్స్‌దీ, కొలత భౌతికశాస్త్రానిదీ అయినప్పుడే వీధిక్షేమం శాస్త్రమవుతుంది.