మొదటి పేజీ నుంచీ చదవాల్సిందే

ఈ వారం చదివిన ఒక అప్పీలు తీర్పు ఈ కాలమిస్టుకు ఒళ్లు మండించింది. ప్రాసిక్యూషన్ కథ పేజీలకు పేజీలు, వాదనలు మరికొన్ని. సాక్ష్యం దగ్గరకు వచ్చేసరికి మాత్రం కింది కోర్టు అంతా సరిగ్గానే చూసిందంటూ రెండు ముక్కలు. యావజ్జీవం ఖరారు.

కేసు కాగితాలన్నీ ఉండే పేపర్ బుక్ మొదటి పేజీ నుంచీ చదవనిదే అప్పీలు విన్నట్టు కాదన్నది ఈ కాలమ్‌లో పాత పాటే. శిక్షపై తొలి అప్పీలంటే కింది తీర్పుకు మార్కులు వేయడం కాదు, వాస్తవాలను మళ్లీ తూచడం. చీఫ్‌లో నిందితుణ్ని గుర్తుపట్టానన్న ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి (పి.డబ్ల్యు.1) క్రాస్‌లో వీధిదీపం వెలగలేదని ఒప్పుకుని ఉండొచ్చు. కత్తి దొరికినట్టు పంచనామా రాసిన రోజుకూ, అది ల్యాబ్‌కు చేరిన రోజుకూ నెలల ఎడం ఉండొచ్చు. ఇవి వాంగ్మూలాలూ కాగితాలూ తిరగేస్తేనే బయటపడతాయి. లాయరు రాకపోయినా ఈ పని తప్పదు. ఆ కారణంతో అప్పీలు కొట్టేయకూడదని, రికార్డు చదివి తేల్చాలని 1996లో బాని సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ పని ఎంత అవసరమో ఒక కేసు చెబుతుంది. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో జరిగిన ఫార్మసీ విద్యార్థిని హత్యను తెలుగువాళ్లు మరిచిపోలేదు. 2010లో కింది కోర్టు ఒక యువకుడికి శిక్ష వేసింది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు అతన్ని నిర్దోషిగా తేల్చి, లక్ష రూపాయల పరిహారం ఇవ్వమంది. అప్పటికే ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. చంపిందెవరన్న ప్రశ్న ఆ అమ్మాయి తల్లిదండ్రులకు అలాగే మిగిలింది.

ఈ లెక్కన విడుదల తీర్పుపై ప్రభుత్వం వేసే అప్పీల్లోనూ హైకోర్టు మొదటి నుంచీ తూచి, తనకు తోచిందే ఖాయం చేయొచ్చు కదా?

కుదరదు. 1934లో షియో స్వరూప్ కేసులో ప్రివీ కౌన్సిల్, సాక్ష్యం మొత్తం పరిశీలించే అధికారం హైకోర్టుకు ఉందంటూనే జాగ్రత్తలు చెప్పింది. సాక్షిని కళ్లారా చూసింది కింది జడ్జి. సాక్షి నీళ్లు నమిలిన తీరు, బోను వైపు చూసి తడబడిన క్షణం టైపు కాగితంలోకి అంతగా ఎక్కవు. పైగా నిర్దోషి అన్న భావన విడుదలతో మరింత గట్టిపడుతుంది. ఆ సాక్ష్యం నుంచి రెండు అభిప్రాయాలకు సమంజసంగా తావుంటే విడుదలను కదపకూడదని 2007లో చంద్రప్ప కేసులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది.

కాబట్టి చదవడం రెండు అప్పీళ్లలోనూ ఒకటే, దిద్దడం మాత్రం ఒకటి కాదు. శిక్ష పడినవాడి అప్పీల్లో గట్టి సందేహం ఒక్కటి మిగిలినా అతను బయటికి రావాలి. విడుదలైనవాణ్ని మళ్లీ జైలుకు పంపాలంటే తానైతే శిక్ష వేసేవాణ్నన్న ఆలోచన బెంచికి చాలదు. కింది జడ్జి చూపిన ఒక్కో కారణమూ ఎందుకు నిలవదో సాక్షి పేరుతో, వాంగ్మూలంలోని మాటతో రాసి చూపాలి.