పసుపుకు తోడు కావాలె

పత్తి ఏరే రోజుల్లో మా చిట్యాలలో ఏ వాకిట్లో కూర్చున్నా మోకాళ్ళ నొప్పుల ముచ్చటే. నాట్లకు వంగి, చేలో రోజంతా నిలబడి వచ్చిన ఆడవాళ్ళకు పొద్దుగూకేసరికి కాళ్ళు లేవవు. "మోకాళ్ళు గుంజుతున్నయి బిడ్డా. రోజూ పసుపు నీళ్ళు తాగుతున్న, గుణమే కనిపిస్తలేదు" అంది మా వాడకట్టు అవ్వ.

గ్లాసెడు నీళ్ళలో చిటికెడు పసుపు వేసి కాసేపు ఉంచండి, అడుక్కు దిగుతుంది. అదే పసుపును గరిటెడు వేడి నూనెలో వేస్తే నూనెంతా పచ్చగా మారుతుంది. పసుపులో ఉండే, వాపు తగ్గిస్తుందని చెప్పే కర్క్యుమిన్ నీళ్ళలో దాదాపు కరగదు, కొవ్వులో కరుగుతుంది. ఒంటికి పట్టిన కాస్తనూ పేగులు, కాలేయం త్వరగా మార్చి బయటికి పంపేస్తాయి.

ఆ వేగానికి అడ్డుపడేది మిరియం. బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు 1998లో ప్రచురించిన అధ్యయనంలో, 2 గ్రాముల కర్క్యుమిన్‌కు మిరియాల్లోని పైపెరిన్ 20 మిల్లీగ్రాములు జోడిస్తే, రక్తంలోకి చేరేది సుమారు 20 రెట్లు పెరిగింది. అందుకే అవ్వతో అన్నాను: "వట్టి నీళ్ళెందుకు? నూనెలో పసుపు వేసి, మిరియాలు దంచి చారు పెట్టుకో."

అయితే లెక్క దాచకూడదు. పసుపులో కర్క్యుమిన్ నూటికి 3 పాళ్ళ చుట్టూ ఉంటుంది. 3 గ్రాముల చెంచాకు 90 మిల్లీగ్రాములే. ఆ అధ్యయనంలోని 2 గ్రాములకు 20 చెంచాలు దాటాలి. చారు మంచి తిండి, కీళ్ళకు వైద్యం కాదు.

ఆ లోటు మాత్రలతో పూడ్చుకుందామనుకుంటే ఇంకా జాగ్రత్త కావాలి. పైపెరిన్ కలిపిన గాఢమైన పసుపు మాత్రలు వాడి కాలేయం దెబ్బతిన్న కేసులు అమెరికాలో నమోదయ్యాయి. పైపెరిన్ వేరే మందులనూ రక్తంలో పెంచగలదు, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వాటిలో ఒకటి. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళు, రక్తాన్ని పలచబరిచే మందు వేసుకునేవాళ్ళు డాక్టరును అడగకుండా ఈ మాత్రలు ముట్టుకోవద్దు.

పొద్దున లేచాక గంట దాటినా వేళ్ళు మడత పడకపోతే, కీళ్ళు వాచి వెచ్చగా ఉంటే అది పని నొప్పి కాకపోవచ్చు. రుమటాయిడ్ కీళ్ళవాతమయితే కీలునే తినేస్తుంది, అరిగిన కీలు మళ్ళీ మొలవదు. ఇలా ఉంటే మీ అమ్మను రేపు చేనుకు పంపేముందు సర్కారు దవాఖానకు తీసుకుపోండి.