వాదించడానికి మనుషులు కావాలి

సోమవారం పేపరు మధ్యలోంచి ఒక రంగుల కరపత్రం జారిపడింది. ‘ఎనిమిదో తరగతి నుంచే ఎన్‌డీఏ ఫౌండేషన్’ అని పెద్ద అక్షరాలు. కింద సెల్యూట్ కొడుతున్న కుర్రాడి బొమ్మ. అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో మాట: ఎస్ఎస్‌బీకి ప్రత్యేక శిక్షణ, ఆఫీసర్ లక్షణాలు ఆరు వారాల్లో. ఆ చివరి మాట దగ్గర నాకు వచ్చిన కోపం వారమంతా తగ్గలేదు.

ఈ కాలమ్ చదివేవాళ్లకి నా పాత పట్టుదలలు తెలుసు. ఆటస్థలం లేని బడికి గుర్తింపు ఇవ్వకూడదంటాను. మల్లయోధుడు కోడి రామ్మూర్తి గారు పిల్లలకి వ్యాయామం నేర్పిన విజయనగరంలో ఉంటూ ఆ మాట అనకుండా ఎలా ఉంటాను? పిల్లలు తిన్న కంచం వాళ్లే కడుక్కోవాలని రాసినప్పుడు, మెచ్చుకున్నవాళ్లకన్నా కోప్పడుతూ ఉత్తరాలు రాసినవాళ్లే ఎక్కువ. ఇక కోచింగ్ సంగతి ఎత్తితే నేనేం రాస్తానో మీకు ముందే తెలుసు. అందులోనూ ఎన్‌డీఏ, అంటే సైన్యానికి ఆఫీసర్లని తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరే పరీక్ష. ఇంటర్ రెండేళ్లనీ మింగేసిన ర్యాంకుల గొడవకి లొంగని పరీక్ష ఒకటైనా మిగిలిందంటే అది ఇదేనని నా నమ్మకం.

యూపీఎస్సీ దీన్ని ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. లెక్కలకి 300 మార్కులు, జనరల్ ఎబిలిటీకి 600. అంతవరకూ మనకి అలవాటైన వ్యవహారమే. రెండున్నర గంటల్లో 120 లెక్కలు, తప్పు చేస్తే మూడోవంతు కోత. రాతపరీక్ష గట్టెక్కాక ఎస్ఎస్‌బీకి, అంటే సర్వీసెస్ సెలెక్షన్ బోర్డుకి పిలుపు వస్తుంది. అయిదు రోజులు సాగే ఆ పరీక్షకి మరో 900. సగానికి సగం మార్కులు నువ్వెలాంటి మనిషివన్న దానికే.

తెర మీద ఒక బొమ్మని అర నిమిషం చూపించి, నాలుగు నిమిషాల్లో కథ రాయమంటారు. తర్వాత ఒక మాట చూపిస్తారు, పదిహేను సెకన్లలో తోచిన వాక్యం రాయాలి. అలా 60 మాటలు, ఊపిరాడనివ్వకుండా. బట్టీపట్టి వెళ్లిన వాక్యాలు కాసేపటికే అయిపోతాయి. అక్కణ్నుంచి రాసేది లోపలున్న మనిషే. ఇక గ్రౌండులో ఛాతీ మీద చెస్ట్ నంబరు కట్టుకుని, ముక్కూ మొహం తెలియని కుర్రాళ్లతో కలిసి ఫట్టా అనే చెక్క, బల్లీ అనే దుంగ, ఒక తాడు పట్టుకుని అడ్డంకులు దాటాలి. వెనకబడ్డవాడికి చెయ్యందించేవాడెవడో, తన ఉపాయమే నెగ్గాలని అరిచేవాడెవడో పక్కనే నిలబడ్డ జీటీఓ (గ్రూప్ టెస్టింగ్ ఆఫీసర్) చూస్తూనే ఉంటాడు.

ఆరు వారాల్లో ఎవరు నేర్పగలరు ఇది? పదిహేడేళ్లు ఆ పిల్లవాడు ఎలా పెరిగాడో అదే అక్కడ బయటపడుతుంది. ఈ మాటే ఈ వారం రాద్దామని కాగితం ముందేసుకున్నాను. రాస్తుంటే నా చిన్ననాటి స్నేహితుడు ఒకడు గుర్తొచ్చాడు. వాడి సంగతి చెప్పాలంటే ముందు కోరుకొండ సంగతి చెప్పాలి.

1961లో, వి.కె.కృష్ణమేనన్ రక్షణమంత్రిగా ఉండగా, దేశంలో సైనిక్ స్కూళ్లు మొదలయ్యాయి. ఆఫీసర్లలో ఎక్కువమంది కొన్ని ప్రాంతాల నుంచి, కొన్ని వర్గాల ఇళ్ల నుంచే వస్తున్నారు, ఆ తేడా తగ్గాలన్నది ఆలోచన. 1962 జనవరిలో మా విజయనగరం పక్కనే కోరుకొండలో ఒకటి వచ్చింది. పి.వి.జి.రాజు గారు ఇచ్చిన రాజభవనమే బడి అయింది. 2020 జూన్‌లో గల్వాన్‌లో ప్రాణాలిచ్చిన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు ఆ బడిలో చదివే ఎన్‌డీఏకి వెళ్లారు.

నా స్నేహితుడూ నేనూ మా ఊరి బడిలో ఒకే బెంచీ. వాళ్ల నాన్న కౌలు రైతు. ఎవరో మాస్టారు చెబితే పరీక్ష రాయించారు, వాడు కోరుకొండలో చేరాడు. దసరా సెలవులకి ఇంటికొచ్చినవాణ్ని చూసి ఊరంతా వింతగా చెప్పుకుంది. చీకటుండగానే లేచి పక్క చుట్టేసి చెరువుగట్టు మీద పరుగెత్తేవాడు. తిన్న కంచం తనే కడుక్కునేవాడు. (నా కంచాల పట్టుదల అక్కడ మొదలైంది.) మా నాన్నగారు వాణ్ని కూర్చోబెట్టి భూగోళం ప్రశ్నలు వేసేవారు. నేనైతే తెలియని ప్రశ్న వస్తే నేల చూపులు చూసేవాణ్ని. వాడు నిటారుగా కూర్చుని, ఆయన కళ్లలోకి చూసి, “తెలీదండి, కనుక్కుని రేపు చెబుతాను” అనేవాడు. మర్నాడు నిజంగానే వచ్చి చెప్పేవాడు. ఆ ధైర్యం చూసి నాకు కుళ్లు పుట్టేది.

ప్రతి సెలవులకీ ఇంకో కొత్త విద్య పట్టుకొచ్చేవాడు. చింతచెట్టుకి తాడు కట్టి ఎక్కడం నేర్పాడు. ఒకసారి మా కుర్రాళ్లందర్నీ రచ్చబండ మీద కూర్చోబెట్టి, చెరువులో చేపల వేలం ఊరికి మంచిదా కాదా అని వాదన పెట్టాడు. మంచిదన్నవాళ్లని కాసేపయ్యాక మంచిది కాదని వాదించమన్నాడు. అలాంటి ఆట మా ఊళ్లో అంతకుముందు ఎవరూ ఆడలేదు. పెద్దవాళ్లు నిలబడి మరీ విన్నారు.

వాడు ఎన్‌డీఏ రాశాడు, ఎస్ఎస్‌బీలో రికమెండ్ అయ్యాడు. మెడికల్స్‌లో చూపు అడ్డొచ్చింది. కరెంటు ఆఫీసులో చేరి, రిటైరై, ఇప్పుడు ఆదివారం పొద్దున్నే ఒక బడి వరండాలో పిల్లల్ని కూర్చోబెట్టుకుంటున్నాడు. డబ్బు తీసుకోడు.

మొన్న ఆదివారం వాడి దగ్గరికి పాత కబుర్ల కోసమే వెళ్లాను. మంగళవారం మళ్లీ వెళ్లింది మాత్రం ఆ కరపత్రం చేత్తో పట్టుకుని. నా వాదనంతా వినిపించాను. లక్షణాలు ఎవరూ నేర్పలేరన్నాను. వాడు చదివి మడతపెట్టి నా చేతికే ఇచ్చి అన్నాడు: “నాకు ఏడేళ్లు నేర్పారురా. సర్కారు సొమ్ముతో నేర్పారు. లేకపోతే కౌలు రైతు కొడుక్కి ఎక్కణ్నుంచి వస్తాయి అవి?”

నేను జవాబు వెతుక్కుంటూ ఉండగానే వాడి శిష్యురాలు వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ, ప్రభుత్వ కాలేజీ. పదో తరగతిదాకా తెలుగు మీడియం. తండ్రి ఆటో నడుపుతాడు. రాతపరీక్ష పాసైంది, ఎస్ఎస్‌బీకి సిద్ధమవుతోంది. లెక్చరెట్ సాధన చేస్తాను, వింటారా తాతగారూ అంది. ఒక చీటీ మీద నాలుగు విషయాలుంటాయి. ఒకటి ఎంచుకుని, మూడు నిమిషాలు ఆలోచించుకుని, మూడు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాలి. తుపానుల మీద మాట్లాడింది. 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో వాళ్ల అమ్మమ్మ ఇంటి కొబ్బరిచెట్లన్నీ పడిపోయాయట. విషయం తెలిసిన పిల్ల, కళ్లారా చూసిన పిల్ల. ఒక నిమిషం దాటేసరికి మాట ఆగిపోయింది.

“కంగారు పడకమ్మా, సహజంగా మాట్లాడు” అన్నాను.

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి చెప్పింది. “పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో నోరెత్తకపోవడమే మా ఇంట్లో సహజమండి. అక్కడ పది పదిహేను మంది ఒకేసారి మాట్లాడుతుంటే నేను నోరెత్తాలి. ఎత్తకపోతే మొదటిరోజే ఇంటికి పంపించేస్తారు.”

నిజమే, మొదటిరోజు స్క్రీనింగ్ అలాగే ఉంటుంది. బొమ్మ చూసి కథ రాసి, అందరూ కలిసి ఒక కథ తేల్చుకోవాలి. ఆ గోలలో వినబడనివాళ్లు స్క్రీన్ అవుటై, మిగతా నాలుగు రోజులూ చూడకుండానే రైలెక్కుతారు. భోజనాల బల్ల దగ్గర నీ అభిప్రాయమేమిటని తండ్రి అడిగే ఇంట్లో పెరిగిన పిల్లకి సహజంగా ఉండమనడం మంచి సలహా. ఈ అమ్మాయికి ఆ సలహా ఇస్తే తలుపు వేసినట్టే. ఆమెలో ధైర్యం ఉంది, తెలివి ఉంది, చూసిన లోకం ఉంది. వాటిని నలుగురిలో బయటపెట్టడమే అలవాటు కావాలి. అది సాధన వల్లే వస్తుంది. దాన్ని కోచింగ్ అనండి, బడి అనండి, నాకు అభ్యంతరం లేదు.

తెల్లవారుజామున శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ రోడ్డు మీద చూసినా ఆర్మీ ర్యాలీ కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేసే కుర్రాళ్లు కనబడతారు. వాళ్లంటే నాకు గౌరవం. వాళ్లలో ఇంటర్ చదువుతున్నవాళ్లని అడిగి చూడండి, పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ల మధ్య ఆఫీసర్ దారి ఒకటి తెరిచి ఉంటుందని ఎంతమందికి తెలుసో. ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంటుంది, తెలుగులో ఉండదు. ఆర్మీకైతే ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫరవాలేదు, ఎయిర్‌ఫోర్స్‌కీ నేవీకీ ఎంపీసీ కావాలి. అమ్మాయిలకీ ఎస్సీ, ఎస్టీ పిల్లలకీ దరఖాస్తు ఫీజు లేదు. మొదటిసారి ఎస్ఎస్‌బీకి వెళ్లేవాళ్లకి రానూపోనూ థర్డ్ ఏసీ రైలు ఛార్జీ ఇస్తారు. ఈ చివరి సంగతి తెలియకే, ప్రయాణం ఖర్చుకి భయపడి పిలుపు వచ్చినా మానేద్దామనుకున్న తండ్రిని ఆ వరండాలోనే చూశాను.

ఆడపిల్లలకి ఈ దారి 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పాకే తెరుచుకుంది. 2022లో ఖడక్‌వాస్లాలోని అకాడమీలో అడుగుపెట్టిన మొదటి బృందంలోంచి 17 మంది 2025 మే 30న పాసవుటయ్యారు. ఆ దారి సంగతి ఎనిమిదో తరగతి ఆడపిల్లకి ఎవరు చెబుతారు? మా వీధిలో ఇప్పటివరకూ చెప్పింది ఆ కరపత్రం ఒక్కటే.

అందుకే ఆరు వారాల మాట అబద్ధమని ఇప్పటికీ అంటాను. ఎనిమిదో తరగతి నుంచే అన్న మాట మాత్రం అక్షరాలా ఒప్పుకుంటున్నాను. అది డబ్బున్నవాళ్లకే దొరకడం నాకు నచ్చనిది. ప్రతి ప్రభుత్వ హైస్కూల్లో ఒక పుల్‌అప్ బారు ఉండాలి, అమ్మాయిల చేతికీ అందాలి. వారానికో పీరియడు పిల్లలు ఒకరితో ఒకరు వాదించుకోవాలి. లెక్కల మాస్టారు తెలుగులో చెప్పిన సూత్రాన్నే ఇంగ్లీషులోనూ ఒకసారి చెప్పాలి. ఎనిమిదో తరగతిలోనే కంటి పరీక్ష చేయించాలి. పదిహేడేళ్లకి మెడికల్స్‌లో తెలిసిన కబురు పదమూడేళ్లకే తెలిస్తే నా స్నేహితుడు ఇంకో దారి ముందే చూసుకునేవాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ రోజు గురించి వాడు ఎక్కువ మాట్లాడడు.

విజయనగరంలో ఉన్న పాఠకులకి ఒక విన్నపం. రిటైరైన లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు, పట్టుమని పది నిమిషాలు ఇంగ్లీషు మాట్లాడగలిగినవాళ్లు ఆదివారం ఉదయం మా వరండాకి కావాలి. పాఠం చెప్పక్కర్లేదు. పిల్లలతో పాటు గుండ్రంగా కూర్చుని, వాళ్ల మాటకి అడ్డుపడి, గట్టిగా వాదించాలి. వచ్చే వారం విషయం ఆ అమ్మాయే ఎంచుకుంది: తీరం వెంబడి ఊళ్లని తుపానుకి ముందే ఖాళీ చేయించాలా, అక్కడే గట్టి ఇళ్లు కట్టివ్వాలా? ఏ పక్షం వహిస్తారో ఆలోచించుకుని రండి. సగంలో పక్షం మార్చమంటాడు మా వాడు.