ఫోర్టెపియానోపై సొనాటాలు: ధ్వనిముద్రణల పరిశీలనము

హైడ్న్, మోజార్టు, బేథోవెన్ అను మువ్వురు స్వరకర్తల పియానో సొనాటాలను నేటి శ్రోతలలో పెక్కుమంది స్టీన్‌వే వంటి ఆధునిక వాద్యముపైననే వినియుందురు. ఆ స్వరకర్తలు ఎఱిగిన వాద్యము అది కాదు. వారి కాలపు పియానోను నేడు ఫోర్టెపియానో అని వేఱు పేర పిలుచుచున్నారు. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమునుండి దీనిపై ధ్వనిముద్రణలు విరివిగా వెలువడుచున్నవి. వీనిని గూర్చి రెండు తీర్పులు తఱచు వినవచ్చును. ప్రాతవాద్యము గనుక ఇదియే ప్రమాణమని కొందఱందురు. పియానో పెరిగి పెద్దదైన పిదప దాని బాల్యమును మరల వినుట యెందులకని మఱికొందఱందురు. రెండును వాద్యము వయస్సును బట్టి పుట్టిన తీర్పులే గాని, వినిన దానిని బట్టి పుట్టినవి కావు. ఈ ధ్వనిముద్రణలు రచనను ఎంతవరకు తేటపఱచుచున్నవి అనునదియే విమర్శకు తగిన ప్రశ్న.

ముందుగా వాద్యస్వభావము నెఱుగవలెను. 1700 ప్రాంతమున ఫ్లారెన్సు నగరమున బార్తొలొమియో క్రిస్తొఫోరి తంత్రులను చిన్న సుత్తెలతో కొట్టి పలికించు వాద్యమును నిర్మించెను. ఆ శతాబ్దాంతమునకు వియన్నాలో ఆంటన్ వాల్టరు దీని నిర్మాణమున ప్రసిద్ధుడయ్యెను. మోజార్టు వాడిన వాల్టరు వాద్యము నేటికిని సాల్జ్‌బర్గులో భద్రముగా నున్నది. దానికి ఐదు స్థాయిలు, 61 మీటలు, చట్రమంతయు కొయ్య, సుత్తెలకు తోలు తొడుగు. నేటి పియానోకు 88 మీటలు, పోతయినుప చట్రము, ఉన్నిమెత్త తొడిగిన పెద్ద సుత్తెలు కలవు. దాని తంత్రుల బిగువు మొత్తము సుమారు 20 టన్నులు. ఫోర్టెపియానో నాదము స్ఫుటముగా పుట్టి త్వరగా సన్నగిల్లును. మంద్ర, మధ్య, తారస్థాయిలు మూడును మూడు కంఠములవలె వేఱువేఱుగా పలుకును. వీణ వినిన చెవికి ఈ స్వభావము క్రొత్తగా తోచదు. మీటిన క్షణమున నిండుగా పలికి అంతలో తగ్గిపోవు నాదము నెఱిగియే వైణికుడు తన సంగతులను కూర్చుకొనును.

మోజార్టు 1777 అక్టోబరులో ఆగ్స్‌బర్గునుండి తండ్రికి వ్రాసిన లేఖయందు యొహాన్ ఆండ్రియాస్ స్టైన్ నిర్మించిన పియానోలను మెచ్చుకొనెను. వ్రేలు ఎత్తిన వెంటనే నాదము ఆగుట అతని మెప్పునకు గల కారణములలో నొకటి. ఈ మెప్పు అతని రచనలలో కనబడును. 1778లో పారిస్‌లో రచించిన ఎ మైనర్ సొనాటా, కె. 310, మొదటి భాగమున ఎడమచేయి స్వరసమూహములను ఎడతెగక కొట్టుచుండును. ఆధునిక వాద్యముపై అవి బరువెక్కి కుడిచేతి పాటను కప్పివేయకుండ వాదకుడు అణచి వాయింపవలసి వచ్చును. ఫోర్టెపియానోపై అట్టి అణచివేత అవసరము లేదు; ఎడమచేయి తన ఆందోళనమును పూర్ణముగా వినిపించినను పాట చెదరదు. కావున సొనాటాలోని ఉద్వేగము మర్యాద తొడుగు లేకుండ బయటపడును.

బేథోవెన్ విషయమున వాద్యభేదము మఱింత కీలకము. మూన్‌లైట్ అని పిమ్మట పేరు పడిన ఓపస్ 27, సంఖ్య 2 సొనాటా 1801 నాటిది. దాని మొదటి భాగమంతయు మిక్కిలి సున్నితముగా, నాదమును ఆపు మెత్తలు తంత్రులను తాకకుండ వాయింపవలెనని అతడు సూచించెను. ఆధునిక పియానోపై ఈ సూచనను యథాతథముగా పాటించినచో స్వరములన్నియు కలగాపులగమగును. అందుచేత వాదకులు పెడలును మాటిమాటికి మార్చుచు, సూచనను ప్రక్కన బెట్టుచుందురు. ఫోర్టెపియానోపై ముందటి స్వరము క్రొత్త స్వరమునకు చోటిచ్చి సన్నగిల్లును. వెనుక పలుచని మంచుపొరవంటి ధ్వని మాత్రము నిలుచును. తప్పుగా తోచిన సూచన అర్థవంతమని అప్పుడు చెవికే తెలియును. ఓపస్ 57 సొనాటా ఇందుకు భిన్నము. అందలి తీవ్రఘట్టములలో కొయ్యవాద్యము తన శక్తి కొసకు చేరును. ఆ ప్రయాస రచనలోని నాటకీయతలో భాగము. ఇంకను బలము మిగిలియున్న పెద్దవాద్యమున ఆ గండము వినబడదు.

ఇక వాదకులు. పాల్ బదూరా-స్కోడా 1978-1989 నడుమ బేథోవెన్ సొనాటాలన్నింటిని ఆ కాలపు వాద్యములపైననే ముద్రింపించెను. మాల్కమ్ బిల్సన్ మోజార్టు సొనాటాలను, 1990ల దశకమున తన శిష్యులతో కలిసి బేథోవెన్ సొనాటాలను ముద్రించెను. రోనాల్డ్ బ్రౌటిగమ్ పాల్ మెక్‌నల్టీ నిర్మించిన నకళ్లను వాడెను. అసలా, నకలా అను వివాదమున తీర్పు సులభము కాదు. రెండువందల యేండ్ల కొయ్య నేడు పలుకునది దాని వృద్ధాప్యస్వరము. బేథోవెన్ వినినది క్రొత్తవాద్యమునే. ఆ విధమున మంచి నకలే అతని చెవికి దగ్గఱ కావచ్చును. అయినను బదూరా-స్కోడా రికార్డులలో ఒక్కొక్క వాద్యమునకు గల మొండితనము, అసమానత వేఱెచ్చటను దొరకని పాఠమును చెప్పును. బ్రౌటిగమ్ చుఱుకుదనము ఆహ్లాదకరము. కాని వేగమే స్పష్టతయను భ్రమ కలుగు చోట్లును అందు లేకపోలేదు. బిల్సన్ రెండేసి స్వరములను మాటలవలె విఱిచి పలికించుటలో మిన్న.

ధ్వనిముద్రణము చేయు మోసమొకటి కలదు. మైకు చిన్నవాద్యమును దగ్గఱకు తెచ్చును. శ్రోత ధ్వనిని హెచ్చించును. అప్పుడు ఫోర్టెపియానో కఱకుగల చిన్న పియానోగా మాత్రము మిగులును. ధ్వనిని తగ్గించి, గది నిశ్శబ్దమును భరించి వినినగాని దాని సున్నితపు మెట్లు తెలియవు.

ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా తెలుగును నిలుపుకొనిన కుటుంబములకు ఇందలి అసలు చిక్కు తెలియనిది కాదు. తాతలనాటి పలుకును అట్లే ఉచ్చరించుట యొకటి. ఆ పలుకుతో నేటి మనస్సును చెప్పగలుగుట వేఱొకటి. ఆర్టర్ ష్నాబెల్ 1932-1935 నడుమ ఆధునిక పియానోపై ముద్రించిన బేథోవెన్ సొనాటాలు నేటికిని జీవించియున్నవి. ప్రాతవాద్యముపై నిర్జీవముగా వాయించిన రికార్డులును కలవు. వాద్యము వాదకునికి మాఱుగా ఆలోచింపదు. కాని రచయిత సూచన అర్థముకాని చోట, తప్పు రచయితదని తలచుటకు ముందు అతని వాద్యమును ఒకమాఱు వినవలెనని ఈ ధ్వనిముద్రణలు నేర్పుచున్నవి. వీని విలువ ప్రాచీనతయందు గాక ఈ వినయమునందే యున్నది.