తోక నుంచి ముక్కు దాకా రెండు తీగలు

గ్లైడర్‌కి ఇంజను ఉండదు కాబట్టి బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరూ ఉండదు. పొద్దున ఎంత కరెంటు నింపుకుని పైకి లేస్తే సాయంత్రం దిగేదాకా అదే గతి. చాలా గ్లైడర్లలో ఆ నిల్వ 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల సీల్డ్ బ్యాటరీ. మన ఇళ్లలో కంప్యూటర్ యూపీఎస్‌లో ఉండే బాపతే. వేగం చెప్పే మీటరూ, ఎత్తు చెప్పే ఆల్టిమీటరూ గాలి ఒత్తిడితో నడుస్తాయి, వాటికి కరెంటు అక్కర్లేదు. రేడియో, పైకి లేస్తున్నామో కిందికి జారుతున్నామో కూతపెట్టి చెప్పే ఎలక్ట్రానిక్ వేరియోమీటరు, దగ్గరికొచ్చే గ్లైడర్‌ని పసిగట్టి హెచ్చరించే ఫ్లార్మ్ పెట్టె, మ్యాపు చూపే కంప్యూటరు మాత్రం ఆ బ్యాటరీ మీదే బతుకుతాయి.

గ్లైడర్ల గురించి రాసేవాళ్లంతా రెక్కల నునుపు గురించే రాస్తారు. రాయదగ్గదే. కానీ ప్యానెల్ విప్పి వెనక్కి తిప్పి చూస్తే కనిపించే పనితనం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నాకైతే మంచి వైరింగు పని ఆ రెక్కలకేమీ తీసిపోదనిపిస్తుంది.

అసలు చిక్కు ఒంటిలోనే ఉంది. కారులో బ్యాటరీ నుంచి లైటుకి ఒక్క వైరు లాగితే చాలు, తిరుగుదారి ఇనుప బాడీయే. గ్లైడర్‌కి ఆ సదుపాయం లేదు. 1957లో జర్మనీలో స్టుట్‌గార్ట్ విద్యార్థి బృందం ఎగరేసిన ఫీనిక్స్‌తో మొదలుపెట్టి గ్లైడర్ల ఒళ్లు ఫైబర్‌గ్లాస్ అయిపోయింది. గాజునార గుండా కరెంటు పారదు. తర్వాత వచ్చిన కార్బన్ నారలో కొంత పారుతుంది గానీ దాన్ని నమ్ముకుని ఎవరూ వైరింగు చేయరు. అందుకే ప్రతి పరికరానికీ పోయేది ఒకటి, వచ్చేది ఒకటి, రెండు తీగలు. దూరం ఎంతైనా లెక్కలో రెట్టింపు.

కొన్ని గ్లైడర్లలో బరువు సర్దుబాటు కోసం బ్యాటరీని తోక దగ్గర నిలువు రెక్కలో పెడతారు. అక్కడి నుంచి ప్యానెల్‌కి సుమారు 5 మీటర్లు, రానూపోనూ 10. అమెరికన్ గేజి 22 నంబరు తీగకి మీటరుకి 0.053 ఓమ్‌ల నిరోధం. పది మీటర్లకి 0.53. రేడియో మీట నొక్కి మాట్లాడేటప్పుడు మొత్తం వాడకం 2 ఆంపియర్లనుకుంటే, 1 వోల్టుకి పైగా దారిలోనే హరించుకుపోతుంది. కాలువ మొదట్లో నీళ్లు నిండుగా ఉన్నా చివరి పొలానికి అందనట్టు. అదే 16 నంబరు లావు తీగ వేస్తే పోయేది 0.26 వోల్టే. ఇందుకు అదనంగా మోయాల్సిన బరువు వంద గ్రాముల చిల్లర.

ఒక్క వోల్టే కదా అనొచ్చు. పొద్దున నిజంగానే ఏమీ కాదు. నిండు బ్యాటరీ 12.7 వోల్టులిస్తుంది, 11.7 వచ్చినా రేడియో హాయిగా పలుకుతుంది. దెబ్బ సాయంత్రం తగులుతుంది. అప్పటికి బ్యాటరీ 11.5కి జారి ఉంటుంది. పైన 6,000 మీటర్ల ఎత్తులో చలి సున్నాకి 24 డిగ్రీలు కింద, ఆ చలికి బ్యాటరీ సత్తువ ఇంకా తగ్గుతుంది. దిగబోతున్నానని చెప్పడానికి మీట నొక్కగానే పరికరాల దగ్గర వోల్టేజీ 10.5కీ అంతకన్నా కిందికీ పడిపోతుంది. సన్న తీగ కాజేసింది బ్యాటరీలోని ఆఖరి గంటను.

ఈ నష్టం మామూలుగా కొలిస్తే దొరకదు. అన్నీ ఆపేసి ప్యానెల్ దగ్గర మల్టీమీటరు పెడితే 12.6 చూపిస్తుంది, అంతా బాగున్నట్టే. కరెంటు పారనప్పుడు నష్టం ఎక్కడిది! పనితెలిసినవాడు ఒక ముల్లు బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోది ప్యానెల్ పాజిటివ్ మీద పెట్టి, పక్కవాణ్ణి రేడియో మీట నొక్కమంటాడు. మీటరు చూపే అంకె ఆ దారి మింగిన వోల్టేజీయే. ఇక రెండో ముల్లుని ఫ్యూజు దాటించి, స్విచ్చి దాటించి, కనెక్టరు దాటించి ఒక్కో చోటా అంకె రాసుకుంటాడు. నెగటివ్ వైపూ అంతే. తీగ మంచిదే అయినా పాతబడి నల్లబడ్డ స్విచ్చి దగ్గర అంకె ఒక్కసారిగా ఎగబాకడం అరుదేమీ కాదు.

తీగ కొసని చూడండి. 22 నంబరు తీగంటే వెంట్రుక కన్నా లావుగా ఉండే 19 పోగులు, ఒక్కోటి 0.16 మిల్లీమీటర్లు, పైన తగరం పూత. తొడుగు ఒలిచేటప్పుడు ఒక్క పోగుకీ గాటు పడకూడదు. కొసకి తొడిగే లోహపు లగ్గులో దూర్చి, పూర్తిగా నొక్కేదాకా వదలని రాచెట్ క్రింపరుతో నొక్కితే రాగీ లగ్గూ గాలి చొరనంతగా అతుక్కుంటాయి. లగ్గు వెనక చెవులు తొడుగుని కూడా పట్టుకుంటాయి, లాగుడు పోగుల మీద పడకుండా. టంకం ఇంతకన్నా గట్టిది కదా అనిపిస్తుంది గానీ, అది పోగుల మధ్య పైకి పాకి తీగని పుల్లలా బిగదీస్తుంది. కదిలినప్పుడల్లా ఆ బిగువు ముగిసే చోటే విరుగుతుంది. గ్లైడర్‌కి కుదుపులేమిటంటారా? గాలిలో కన్నా ఎక్కువ ట్రైలర్లో, రోడ్డు మీద.

జర్మన్ సింగిల్ సీటర్లు కొన్నిటిలో కాక్‌పిట్ మీది పారదర్శక మూత, అంటే కానపీ, ఎత్తితే ప్యానెల్ కూడా దాంతో పైకి లేస్తుంది, పైలట్ కాళ్లకి దారిస్తూ. ఎక్కినా దిగినా వైర్ల కట్ట వంగి నిటారవ్వాల్సిందే. అందుకని మడత పడే చోట కాస్త వదులు ఉంచి, రెండు కొసలా బిగిస్తారు. ఆ వదులు ఎక్కువైతే అసలుకే మోసం, వైరు జారి పెడల్‌కో కంట్రోల్ రాడ్డుకో అడ్డుపడితే ప్రాణాంతకం. దిక్సూచి పక్కనుంచి పోయే జతని పురిపెడతారు, పోయే కరెంటు, వచ్చే కరెంటు కలిగించే అయస్కాంత ప్రభావం ఒకదాన్నొకటి రద్దు చేసుకునేలా.

ఫ్యూజు స్థానం బ్యాటరీని ఆనుకునే, ప్యానెల్ దగ్గర కాదు. ప్రధాన ఫ్యూజు కాపాడేది తీగని. అది ప్యానెల్ దగ్గరుంటే మధ్యలో తీగ ఒరుసుకుని షార్టయినప్పుడు దానికి దిక్కెవరు? షార్టయితే ఈ చిన్న బ్యాటరీ కూడా వందల ఆంపియర్లు కుమ్మరించగలదు.

ఇప్పుడు చాలామంది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి మారుతున్నారు. ఆఖరి దాకా 13 వోల్టుల చుట్టూ నిలకడగా నిలబడుతుంది, బరువూ తక్కువ. మంచి మార్పే. అయితే సన్న తీగ తప్పునీ, నల్లబడ్డ స్విచ్చి తప్పునీ రోజంతా కప్పిపెట్టేదీ అదే. చివర్లో వోల్టేజీ మెల్లగా జారదు, ఒక్కసారిగా కూలుతుంది. అందుకే బ్యాటరీ మార్చిన రోజే మీటరు ముళ్లు పట్టుకుని, మీట నొక్కించి, తోక నుంచి మళ్లీ కొలుచుకుంటూ రావాలి.