అవమానానికి గొంతు, జవాబుకు గొంతు: జాంబపురాణంలోని బ్రాహ్మణ పాత్ర

ప్రతినాయకుని క్రూరత్వాన్ని ప్రదర్శించడం ఏ కళారూపానికీ కష్టం కాదు. అతని నోట ఎదుటివారి పుట్టుకను దూషింపజేయడమే చిక్కు. రంగం మీది కత్తిపోటు అభినయం మాత్రమే. దానితో ప్రేక్షకుని ఒంటి మీద గీత పడదు. కులం పేరుతో పలికిన నిందావాక్యం అలా కాదు. పాత్ర పలికినా మనిషి పలికినా దాని ధ్వని ఒకటే. ఆ కులంలో పుట్టినవారు ఎదుట కూర్చుని వింటున్నప్పుడు అది కథను దాటి వచ్చి వారిని తాకుతుంది. అలాగని ఆ మాటను తొలగిస్తే ప్రతినాయకుడు ఉత్త దుష్టుడుగా మిగులుతాడు. అతని దుష్టత్వానికి సమాజంలో ఉన్న వేరు కనబడదు.

నేటి వినోదరూపాలలో ఈ చిక్కు సూటిగా ఎదురయ్యేది సూపర్‌హీరో కథలతో సాగే టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక వీరుని పాత్ర ధరిస్తారు. గేమ్ మాస్టర్ అనే ఒక్కరు మాత్రం ప్రతినాయకులకూ పౌరులకూ గొంతునిస్తూ, కథాలోకంలో ఏం జరిగిందో కూడా తామే ప్రకటిస్తారు. 1974లో డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్‌తో అచ్చుకెక్కిన ఈ ప్రక్రియలో, 1981 నాటి ఛాంపియన్స్ సూపర్‌హీరోలకు చోటు కల్పించింది. జాతిద్వేషి అయిన ప్రతినాయకుడు ఈ ఆటలకు కామిక్స్ నుంచి వచ్చిన వారసత్వం. 1941లో కెప్టెన్ అమెరికా తొలి సంచిక ముఖచిత్రం మీదనే హిట్లరు దవడ పగిలింది. 1946లో సూపర్‌మాన్ రేడియో ధారావాహిక కు క్లక్స్ క్లాన్‌ను పోలిన ముసుగు సంఘాన్ని ఎదుర్కొంది. అయితే కామిక్స్ పాఠకుడు ఒంటరిగా చదువుకుంటాడు. బల్ల దగ్గర ద్వేషవాక్యాన్ని ఎదుటి మనిషి ముఖంలోకి చూస్తూ, అప్పటికప్పుడు కల్పించి పలకాలి.

ఆటగాళ్లు ఇందుకు కొన్ని కట్టుబాట్లు ఏర్పరచుకున్నారు. జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ఎక్స్ కార్డు వాటిలో ప్రసిద్ధం. బల్ల మీది ఆ కార్డును ఎవరు తాకినా, కారణం అడగకుండా ఆ అంశాన్ని వదిలివేయాలి. ఇది మర్యాద గల ఏర్పాటే. కాని అది మాటను ఆపగలదే తప్ప దానికి జవాబు పుట్టించలేదు. వాన కురిసిందని చెప్పే గొంతే ఫలానా జాతి నీచమని కూడా చెబుతున్నందువల్ల, ద్వేషి పలుకుకు ఆ లోకపు తీర్పు అన్నంత బరువు వస్తుంది.

తెలంగాణలోని చిందు కళాకారులు ఈ సమస్యను మరో విధంగా ఎదుర్కొన్నారు. చిందువారు మాదిగలకు ఆశ్రిత కులం. మిరాశీగా సంక్రమించిన గ్రామాలలో మాదిగల ఎదుట జాంబపురాణాన్ని ప్రదర్శించడం వారి హక్కు, బాధ్యత కూడా. అందులో జాంబవునికీ బ్రాహ్మణునికీ మధ్య సాగే సంవాదమే ప్రాణం. నీవెవరు, నీ పుట్టుక ఏమిటి, నీ కులం తక్కువ ఎందుకైంది అని బ్రాహ్మణుడు నిలదీస్తాడు. భూమి పుట్టకముందే తాను పుట్టినవాడినని, లోకానికి ఆరునెలల పెద్దనని జాంబవుడు చెబుతాడు. ఆదిశక్తి నుంచి సృష్టిక్రమమంతా వివరిస్తాడు. కామధేనువు కథ చెబుతాడు. సూపర్‌హీరో అన్న మాటకు తెలుగు నేలలో ఆదిరూపం వెదకవలసివస్తే, సృష్టికి ముందే ఉన్న ఈ వృద్ధుని దగ్గర ఆగవచ్చు. అయితే అతడు బలంతో గెలవడు. చెప్పి గెలుస్తాడు.

ఇక్కడ గమనించవలసినది వేషధారణ. నిందించే బ్రాహ్మణ వేషం కట్టేది చిందు కళాకారుడే. ఊళ్లో తాను నిత్యం వినే మాటలను తానే రంగం మీదికి తెచ్చి, తనవారి ఎదుట పలుకుతాడు. ఆ మాట యజమాని ఎవరో కూర్చున్నవారందరికీ తెలుసు. పలుకుతున్నవాడు ఆ యజమాని కాడనీ తెలుసు. ఈ రెండు తెలివిడుల మధ్యనే అవమానం అనుకరణగా మారి, పరీక్షకు నిలబడుతుంది. పైగా నిందకు ఇక్కడ ప్రశ్నరూపం ఉంది. ప్రశ్న అడిగినవాడు జవాబు వినక తప్పదు. బ్రాహ్మణుని పాత్రకు ఉన్న బలమంతా జాంబవుడు నోరు విప్పడానికి అవకాశమివ్వడంలోనే ఖర్చవుతుంది. ఆటల్లో గేమ్ మాస్టర్ ఒక్కరే మోసే భారాన్ని ఇక్కడ రూపమే ఇద్దరికి పంచింది.

ఈ ఏర్పాటు విలువ దానవీరశూరకర్ణ (1977)తో పోల్చినప్పుడు మరింత తెలుస్తుంది. కుమారాస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టంలో కర్ణుని కులం అడిగినవారిని దుర్యోధనుడు నిలదీస్తాడు. కొండవీటి వెంకటకవి సంభాషణలు, ఎన్.టి. రామారావు ఉచ్చారణ కలిసి ఆ ఘట్టాన్ని తెలుగువారికి కంఠస్థం చేశాయి. కులదురహంకారం ఆచార్యుల పక్షాన, దాని ఖండన పరంపరాగత ప్రతినాయకుని నోట ఉంచడం సాహసమే. కాని జవాబిచ్చినది రాకుమారుడు. కర్ణునికి దక్కిన గౌరవం అంగరాజ్యదానం వెంట వచ్చింది. అవమానితుడు నిలబడి ఉండగా అతని తరఫున మరొకరు మాట్లాడారు. సూపర్‌హీరో ఆటలది కూడా తరచు ఇదే నిర్మాణం. వీరులు ద్వేషిని మట్టికరిపిస్తారు. ద్వేషానికి గురైనవారు కాపాడబడటానికి ఎదురుచూసే జనంగా నేపథ్యంలో ఉంటారు. జాంబవుడు ఎవరి తరఫునా మాట్లాడడు, ఎవరినీ తన తరఫున మాట్లాడనివ్వడు.

పోలికను ఇంతకన్నా సాగదీయడం సాహసమే. ఒకటి కులవృత్తి, జీవిక. మరొకటి తీరికవేళ వినోదం. ఇష్టం లేకపోతే బల్ల దగ్గరినుంచి లేచిపోవచ్చు. మిరాశీ గ్రామం నుంచి చిందు కళాకారుడు అలా లేచిపోలేడు.

జాంబపురాణాన్ని విముక్తిగానంగా మాత్రమే చదవడంలోనూ ఇబ్బంది ఉంది. గోవు మాంసంతో ముడిపడిన శాపకథ ద్వారా కులపతనానికి కారణం చెప్పినప్పుడు, ఆ కులం పడిపోయిందన్న ప్రత్యర్థి ప్రతిపాదనను పురాణం సగం అంగీకరించినట్లవుతుంది. ఎందుకు తక్కువయ్యారన్న ప్రశ్నకు జవాబు దొరికింది. తక్కువ అనే కొలత ఎవరిదన్న ప్రశ్న పుట్టలేదు. ఆదిలో అందరికన్నా పెద్ద అనడం కూడా ఆ కొలతను తిరగవేయడమే, విరవడం కాదు. అదీగాక మాదిగల ఎదుట ఆడే చిందువారు మాదిగల కన్నా కింద లెక్కింపబడుతున్నారు. పటం చూపి అదే పురాణాన్ని చెప్పే డక్కలివారి స్థానం ఇంకా దిగువ. బ్రాహ్మణుని నిలదీయగలిగిన పురాణంలో మాదిగను నిలదీసే డక్కలి పాత్ర లేదు. ఆ వేషం ఎవరు కట్టాలి, ఎవరి వాకిట ఆడాలి అన్నది ఈ సంవాదరూపం ఇంకా తనను తాను అడగని ప్రశ్న.