పదును చూసుకోవడం

మా వైపు ‘వేట’ అన్న మాటకి రెండు అర్థాలున్నాయి. వేటమాంసం అంటే మేకమాంసం. వేటకెళ్లాడు అంటే వల భుజాన వేసుకుని దోనె ఎక్కాడని. కొల్లేటి పక్షుల మీద చెయ్యి వెయ్యడానికి చట్టం ఒప్పుకోదు, 1999 నుంచి సరస్సు అభయారణ్యం కూడాను. కాబట్టి ఏలూరు నుంచి ఆకివీడు దాకా వేటకత్తి ఏదీ అని అడిగితే నేను చేపల కత్తిపీటనే చూపిస్తాను. వలలో పడినది కూరలోకి రావాలంటే దాని మీదుగానే రావాలి.

కిందటి నెల ఏలూరులో ఒక కొలిమి దగ్గర చెప్పి చేయించుకున్నాను. అంతకుముందు తాడేపల్లిగూడెం బజారులో కొన్న రేకు పీట ఉండేది. ఉల్లిపాయలకీ వంకాయలకీ బాగానే తెగేది గాని, మూడు కిలోల బొచ్చె తల దగ్గరికొచ్చేసరికి కత్తి పక్కకి ఒరిగిపోయేది. చేప మీద పెట్టాల్సిన బలం కత్తిని నిలబెట్టడానికే సరిపోయేది.

కొత్తదాన్ని వరండాలో పెట్టుకుని ఒక పూటంతా చూశాను. లారీ కమాను పట్టీ నుంచి తీసిన కత్తి ఇది. ఆ ఉక్కులో కార్బన్ నూటికి అర పాలు, కాస్త పైన. బరువుకి వంగి మళ్లీ నిలబడటం దాని గుణం. కైకలూరు నుంచి ఐసు వేసిన పెట్టెలతో కలకత్తా దారి పట్టే చేపల లారీల కింద ఉండేవీ ఇలాంటి పట్టీలే. అయితే ఏళ్ల తరబడి వంగి వంగి అలిసిన పట్టీలో కంటికందని చీలికలు ఉండొచ్చు. అందుకే కమ్మరి ముందు పట్టీని తీగకి వేలాడదీసి సుత్తితో తట్టాడు. “గంటలా మోగాలండి. బొంగురుపోయిందంటే పక్కన పడేస్తాను” అన్నాడు. ఇప్పుడు నేను గోటితో మీటినా ఆ మోత సన్నగా వినబడుతోంది.

వెన్ను మందం అయిదు మిల్లీమీటర్లు. అక్కణ్నుంచి వాదర దాకా ఎక్కడా మెట్టు లేకుండా పల్చబడుతూ వచ్చింది. సాన మీద అరగదీసీ ఇలా చెయ్యొచ్చు, కాని అప్పుడు లోహం పొడై పోతుంది. ఇక్కడ సమ్మెటతో సాగదీశారు. దెబ్బల గుర్తులు శీలావతి పొలుసుల్లా వరస కట్టాయి. వెన్ను దగ్గర లోతుగా, కిందికొచ్చేకొద్దీ తేలిగ్గా. ఒక్క దెబ్బ కూడా తప్పి వాదర మీద పడలేదు.

అసలు పనితనం మాత్రం పైకి కనబడేది కాదు. నేను కొలిమి దగ్గర కూర్చుని చూశాను కాబట్టి తెలిసింది. కత్తి నారింజ ఎరుపుకి రాగానే వాదర వైపు రెండంగుళాలే నూనెలో ముంచాడు. పైకి తీసి ఇసుకరాయితో గబగబా రుద్దితే తెల్లటి లోహం బయటపడింది. వెన్నులో మిగిలిన వేడి కిందికి దిగుతుంటే ఆ తెలుపు మీద రంగులు నడిచాయి. నెమలికంఠం నీలం, ఊదా, వాటికి ముందు ఎండుగడ్డి రంగు. ఆ గడ్డి రంగు వాదరని తాకిన క్షణానే కత్తి మొత్తం మళ్లీ నూనెలోకి పోయింది. గడ్డి రంగంటే సుమారు 230 డిగ్రీలు, నీలం 300 దగ్గర. థర్మామీటరు లేదు, కన్నే కొలత. ఇంకొక్క క్షణం ఆగితే వాదర మెత్తబడేది, తొందరపడితే ఎముక తగలగానే పెళుసుగా విరిగేది.

వాన పడి రెండ్రోజులాగి నేల దుక్కికి వచ్చిందంటే ‘పదునైంది’ అంటారు రైతులు. బురదా కాదు, బెడ్డా కాదు. కత్తికీ అదే మాట వాడుకున్న మన పూర్వులకి రెండూ ఒకే రకం తెలివని తెలుసు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో కరిగించిన ఉక్కు దిమ్మలు కత్తుల కోసం పర్షియా దాకా వెళ్లాయి. వాటిలో కార్బన్ ఈ కమాను పట్టీకి రెట్టింపు పైనే. ఆ ఉక్కు వేరు, ఈ ఉక్కు వేరు. రంగు కనిపెట్టే కన్ను మాత్రం ఆ వంశానిదే అనిపించింది నాకు.

ఇంటికొచ్చాక ఆకురాయి పెట్టి చూశాను. వాదర మీద జారిపోయింది, వెన్నుని కొరికింది. కావలసింది అదే. తర్వాత దీపానికి ఎదురుగా వాదర పట్టాను. మొద్దుగా ఉన్నచోట వెలుతురు నిలిచి మెరుస్తుంది, పదునున్నచోట ఏమీ కనబడదు. కొన దగ్గర ఆవగింజంత మెరుపు కనబడింది. దాన్ని రాయి మీద నేనే దిద్దుకున్నాను.

పీట నల్లతుమ్మ. కత్తి తోకని ఎర్రగా కాల్చి చెక్కలోకి దించారు. కాలిన చెక్క తోక రూపానికే ఒదిగిపోయింది, సందులో కాగితం ముక్క దూరలేదు. అడుగున తోకని మడిచి కొట్టారు. లోపం చెప్పాలంటే ఒక్కటుంది. పీట అంచుని మొండిగా వదిలేశారు. కాలు మడిచి కూర్చుంటే పిక్కకి ఒరుసుకుంది. గరుకు కాగితంతో అరగంట రుద్దాక సర్దుకుంది.

మొదట కొర్రమీను కోశాను. జారకుండా బూడిద పూసి, మొప్పల కింద ఆనించి నెట్టాను. వెన్నుముల్లు దగ్గర చిన్న టక్కుమన్న చప్పుడు, అంతే. ముక్క అంచు చెదరలేదు. ఆ మర్నాడు బొచ్చె తల. పాత పీట ఒరిగిపోయే చోట ఇది నిలబడింది, తల నిలువునా రెండైంది.

నెల తిరిగేసరికి కత్తి నల్లబూడిద రంగుకి తిరిగింది. కడిగి తుడిచి ఆముదం రాస్తున్నాను, తుప్పు రాలేదు. నిన్న పీటని తిరగేసి, మడత కొట్టిన తోక మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కాను. కదలలేదు.